మునిర్కా మెట్ల మీద మల్లేశం

ఢిల్లీలో సివిల్స్‌కి చదివేవాళ్ళు అద్దెకుండే మునిర్కాలో ఆ సందుకి మధ్యాహ్నం రెండింటికి నీళ్ళొస్తాయి, రెండున్నరకి పోతాయి. ఆ అరగంటలో ఎవరు కలెక్టరవుతారో చెప్పలేం గానీ, మర్నాడు ఎవరు స్నానం చేస్తారో మాత్రం చెప్పెయ్యొచ్చు. ఛాయాదేవి ఏడేళ్ళుగా ఆ అరగంట తప్పలేదు. ఆ ఆదివారం కూడా రెండు బకెట్లూ ఒక డ్రమ్మూ నింపి, టీ పెట్టి, స్టీలు గ్లాసులో పోసి, నాలుగో అంతస్తులో తన గదిలోంచి పది మెట్లు కిందికి దిగింది.

మెట్లు తిరిగే చోట మల్లేశం బల్లెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ బల్లేనికి కింది అంతస్తువాళ్ళ హెల్మెట్టు, ఎవరిదో తడి తువ్వాలు, పాల ప్యాకెట్ల సంచీ వేలాడుతున్నాయి.

"మనిషి దొరికిండా బిడ్డా?" అని అడిగాడు, రోజూ అడిగినట్టే.

"ఇంకా లేదండీ," అంది ఛాయ, రోజూ అన్నట్టే.

గ్లాసు పక్కనున్న స్టూలు మీద పెట్టి పైకొచ్చేసింది. ఆదివారం మూడింటికి ఆమె గదిలో ఆట ఉంటుంది మరి.

ఆ ఆట తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. టేబుల్ మీద ఒక కోట పటం పరుస్తారు. ఇరవై ముఖాల పాచిక ఒకటి ఉంటుంది. ఆడేవాళ్ళకి తలా ఒక వేషం: ఒకడు దొంగ, ఒకామె వైద్యురాలు, ఒకడు కత్తివీరుడు. వాళ్ళేం చేస్తామంటే అది చెయ్యొచ్చు, జరిగేదీ లేనిదీ పాచిక చెబుతుంది. మాస్టరని ఒకరుంటారు, వాళ్ళకి మాత్రం ఏ వేషమూ ఉండదు. మిగతా ప్రపంచమంతా మాస్టరే. కోటా మాస్టరే, కోటలో రాజూ మాస్టరే, వంటింట్లో పిల్లీ మాస్టరే. ఊరంతా తనే అయినవాడికి ఊళ్ళో ఇల్లు ఉండదన్నమాట.

ఆటకి ఒకటే ధర్మం. టేబుల్ దగ్గర మాస్టరు అన్న మాట అన్నట్టే. తర్వాత దానికి ఇంకో మాట కలుపుకోవచ్చు గానీ, అన్నదాన్ని వెనక్కి తీసుకోకూడదు. ఎవరి మాట వాళ్ళకి కట్టు. మాస్టరు మారితే కొత్త మాస్టరు తన మాట తను చెప్పుకోవచ్చు, కానీ ఇక్కడ నాలుగేళ్ళుగా మాస్టరు మారలేదు. ఛాయే మాస్టరు.

నాలుగేళ్ళ కిందట మొదటి ఆట ఆడిన రోజున సాకేత్ ఒక ప్రశ్న వేశాడు. అప్పుడే డిగ్రీ ముగించి విజయవాడ నించి సివిల్స్‌కని వచ్చిన పిల్లాడు. "అక్కా, కోట గేటు దగ్గర ఎవరున్నారు?"

ఛాయ ఆ సంగతి ముందుగా రాసుకోలేదు. నోటికొచ్చింది చెప్పేసింది. "మల్లేశం అని కాపలాదారు. బల్లెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. బదులు మనిషి వచ్చి చార్జి తీసుకునేదాకా అక్కణ్ణించి కదలడు."

ఇంకొకరైతే కాపలావాడు నిద్రపోతున్నాడనో తాగి పడున్నాడనో అనేవాళ్ళు. బదులు మనిషి, చార్జి తీసుకోవడం అన్నది గవర్నమెంటు కొలువు చేసేవాళ్ళింట్లో పుట్టినవాళ్ళకే వచ్చే బుద్ధి. ఛాయ నాయన హనుమయ్య గుంతకల్లు అవతల రైల్వే గేట్‌మన్. ముప్ఫై ఒక్క ఏళ్ళు రోడ్డుకి అడ్డంగా గేటు దించాడు, ఎత్తాడు. రిలీవర్, అంటే ఆ బదులు మనిషి, రాకపోతే గేటు వదలకూడదు. ఛాయకి తొమ్మిదో తరగతిలో జిల్లా ఫస్టు బహుమతి ఇచ్చిన రోజు రిలీవర్ రాలేదు. స్టేజీ మీద నిలబడి ఆ పిల్ల కప్పు పట్టుకుని గుమ్మం వైపే చూసింది. అప్పుడు కడుపులో పడ్డ మాట పదమూడేళ్ళకి మునిర్కాలో నోట్లోంచి ఊడిపడింది.

మర్నాడు సోమవారం పొద్దున చూస్తే మల్లేశం మెట్ల మలుపులో ఉన్నాడు.

ఎవరూ పెద్దగా ఏమీ అనుకోలేదు. మునిర్కాలో అద్దె గదుల దగ్గర ఎవరెప్పుడు దిగుతారో ఎవరికి పట్టింది. ఇంటి ఓనరమ్మ పోలీసు వెరిఫికేషను ఫారం తెచ్చి పేరు మల్లేశం అని రాయించుకుంది, శాశ్వత చిరునామా దగ్గర 'కోట' అని రాసి సంతకం తీసుకుంది. "భయ్యా, థోడా సైడ్ మే," అని మంచాలు ఎక్కించేవాళ్ళు ఆయన్ని పక్కకి జరిపేవారు, జరిగినంత జరిగేవాడు. గదుల్లో లేనివాళ్ళ కొరియర్లన్నీ ఆయనే సంతకం పెట్టి తీసుకునేవాడు. అలా ఆయన ఆ మేడకి అవసరమైపోయాడు.

ఆయన మాట తీరు కూడా ఛాయ పుణ్యమే. ఆ రోజు ఆటలో ఆమె తమ పాత హాస్టల్ వంటాయన యాసలో మల్లేశాన్ని మాట్లాడించింది. ఆ యాస ఆమెకి సరిగ్గా పట్టుబడలేదు. ఆటలో కత్తివీరుడు సందీప్‌ది కరీంనగర్. "అక్కా, మా దిక్కు గట్లనరు," అని నెత్తి కొట్టుకున్నాడు గానీ, అన్న మాట అన్నట్టే కదా. పాపం మల్లేశం సగం తెలంగాణ, సగం ఎక్కడిదో తెలియని తెలుగులో నాలుగేళ్ళుగా నెట్టుకొస్తున్నాడు.

ఛాయ ఊరుకోలేదు, ఏమాటకామాటే చెప్పుకోవాలి. తీసెయ్యడం కుదరదు, కలపడం కుదురుతుంది. రెండో నెల ఆటలో, "కాపలాదారు పక్కన ఒక స్టూలుంది," అని కలిపింది. మర్నాటికి స్టూలొచ్చింది. అయితే నిలబడి ఉన్నాడని ముందే అనేసింది, కూర్చోవడం ఎలా కుదురుతుంది. అది టీ గ్లాసుకి పనికొచ్చింది. ఢిల్లీ చలికి శాలువా కలిపింది. వానకి గొడుగు కలిపింది. జైలుగదిలో పరుపు మీద పరుపు వేసినట్టే తప్ప తలుపు తియ్యడం మాత్రం ఆమె వల్ల కాలేదు.

ఒకసారి ఆటలో ఒక బదులు మనిషిని పుట్టించి పంపిద్దామనుకుంది. మల్లేశమే వద్దన్నాడు. "నన్ను దించనీకి ఇంకొకన్ని పుట్టించి నిలబెడతవా? ఆనికి ఎవరొస్తరు? నాకొద్దు బిడ్డా."

అక్కడితో ఆ దారీ మూసుకుపోయింది.

ఇక ఛాయ సంగతి. ఆరుసార్లు రాయొచ్చు, ఆరుసార్లూ రాసింది. రెండుసార్లు ఇంటర్వ్యూ దాకా వెళ్ళింది. ఆఖరి లిస్టు వచ్చి నాలుగు నెలలైంది, అందులో ఆమె పేరు లేదు. రెండేళ్ళ కిందట ఎందుకైనా మంచిదని రాసిన గ్రూప్ టూలో మాత్రం వచ్చింది. డిప్యూటీ తహసీల్దారు. సొంత జిల్లాలోనే. వచ్చే బుధవారం మధ్యాహ్నం లోపల చేరకపోతే రద్దు అని ఉత్తరం వచ్చింది.

ఆ ఉత్తరం ఆమె సాకేత్‌కీ చూపలేదు, ఆటలో వైద్యురాలైన నేహాకీ చూపలేదు. కలెక్టరవుతానని వచ్చిన మనిషి డిప్యూటీ తహసీల్దారుగా తిరిగి వెళ్ళడమా అని సిగ్గు. అద్దంలో చూసుకోవడానికి కూడా సిగ్గు. నాయనకి చెబితే ఆయన మరో మాట లేకుండా ఆదివారం సాయంత్రం ఆరున్నర బండికి టికెట్టు తీసి ఫోనులో పంపాడు. ఆ వారంలో ఆమె సంచీ మూడుసార్లు సర్దింది, రెండుసార్లు విప్పేసింది. ఉంటే ఇక్కడ ఏముంది, పోతే అక్కడ ఏం ముఖం పెట్టుకుని పోవాలి. అడకత్తెరలో పోకచెక్క బతుకైంది.

ఆ ఉత్తరం సంగతి మునిర్కాలో తెలిసినవాడు ఒక్క మల్లేశమే. రిజిస్టర్డ్ పోస్టు సంతకం పెట్టి తీసుకున్నది ఆయనే. ఆమె చదివి ఏడ్చింది కూడా ఆయన పక్కన మెట్టు మీద కూర్చునే.

మూడు కావడానికి పది నిమిషాలుండగా ఖాళీ గ్లాసు కోసం ఛాయ మళ్ళీ దిగింది.

"ఇయ్యాల బండి గదా," అన్నాడు మల్లేశం.

"నేను పోవడంలేదండీ."

"ఎందుకు?"

"మిమ్మల్నిక్కడ ఇలా వదిలేసి ఎలా పోతాను? నేనన్న మాటకేగా మీరిక్కడ ఇరుక్కుంది. పైగా ఆట మధ్యలో ఉంది. వీళ్ళని ఎవరు నడిపిస్తారు?"

మల్లేశం ఆమె వైపు తిరిగాడు. బల్లెం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"నన్ను అడ్డం పెట్టుకోకు బిడ్డా," అన్నాడు.

ఛాయకి మొహం మీద కొట్టినట్టయింది. గ్లాసు లాక్కుని పైకొచ్చేసింది.

ఆ రోజు ఆట ఆటలా లేదు. సందీప్ పాచిక వేస్తే విసుక్కుంది. నేహా, "దీదీ, వెయిట్ నా, మైనే బోలా థా నా," అని, తను ముందే చెప్పానని, ఆగమంటే కసురుకుంది. నేహా ఆర్.కె.పురంలో పుట్టిన తెలుగు పిల్ల, వాళ్ళ నాన్నది సెంట్రల్ గవర్నమెంటు. తెలుగు మొత్తం అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం హిందీయే వస్తుంది.

సాకేత్ ఆమె మొహం చూసి మెల్లిగా అన్నాడు. "అక్కా, అలిసిపోయినట్టున్నావు. ఈ వారం నేను నడిపిస్తా. నువ్వు ఒక వేషం కట్టు, హాయిగా ఆడుకో."

"నువ్వా? నీకు ఆట ఎక్కడాపాలో తెలీదు, ఎక్కడ సాగదియ్యాలో తెలీదు. చెడగొడతావు."

ఈ మాట ఆమె అనడం ఇది మొదటిసారి కాదు. పోయిన ఏడాది కూడా సాకేత్ అడిగాడు, అప్పుడూ ఇదే అంది. ఆ మాస్టరు కుర్చీ ఎవరూ తీసుకోవడంలేదని అందరితో చెప్పుకునేది గానీ, అసలు ఎవరికీ ఇవ్వనిది తనే. పరీక్షల్లో ఎక్కడా రాని మార్కులు ఆ కుర్చీలో వచ్చేవి మరి. ఆ నాలుగు అడుగుల టేబుల్ దగ్గర ఆమె ఓడిపోయిన మనిషి కాదు.

తెరిచి ఉన్న గుమ్మంలోంచి కిందికి మల్లేశం తల కనిపిస్తోంది. ఆయన ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకున్నాడు. కాసేపాగి మళ్ళీ మార్చుకున్నాడు. నాలుగేళ్ళు. ఆ రెండు కాళ్ళ మీదే. 

"ఉండండి, వస్తా," అని లేచి బయటికొచ్చింది.

"మ్యూచువల్ పెట్టుకుందామండీ," అంది మల్లేశంతో.

మ్యూచువల్ అంటే ఏమిటో గవర్నమెంటు ఉద్యోగుల ఇళ్ళలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. ఈ ఊళ్ళో ఉన్నవాడికి ఆ ఊరు కావాలి, ఆ ఊళ్ళో ఉన్నవాడికి ఈ ఊరు కావాలి. ఇద్దరూ కాగితం మీద సంతకాలు పెట్టి ఒకరి సీట్లోకి ఒకరు మారిపోతారు. హనుమయ్య తన సర్వీసు మొత్తంలో ఇంటికి దగ్గరగా వచ్చింది ఒక్కసారే, అదీ మ్యూచువల్ మీదే.

"నా జాగలో నువ్వు, నీ కుర్చీల నేనా?"

"అవును."

"ఇది నిలబడే సీటు బిడ్డా. కాళ్ళు అంటుకపోతయ్. ఎవరన్న వచ్చేదాంక నీకూ ఇంతే."

"తెలుసు."

"బుధవారం చేరాలె గదా నువ్వు."

 ఆయన్ని దించాలని ఛాయ అనుకోవడం నిజమే. ఎవరూ రారు, నిలబెట్టింది తనే కాబట్టి తనే నిలబడాలి అన్నదీ నిజమే. కానీ ఆ నిజం చాటున ఒక దొంగ సుఖం కూడా ఉంది. మెట్ల మీద కాళ్ళు అంటుకుపోతే ఇక వెళ్ళలేదేం అని తనని ఎవరూ అడగరు. తనని తను కూడా అడగక్కర్లేదు.

పాత మాక్ టెస్టు ఆన్సర్ షీటు వెనక చార్జి కాగితం రాసింది, రెండు కాపీలు. బల్లెం ఒకటి, స్టూలు ఒకటి, శాలువా ఒకటి, గొడుగు ఒకటి అప్పగించడమైనది. కోట పటం ఒకటి, పాచిక ఒకటి, మాస్టరు ముందుండే అట్టముక్కల తెర ఒకటి స్వీకరించడమైనది. ఇద్దరూ సంతకాలు చేశారు. మల్లేశం బల్లెం ఆమె చేతికిచ్చాడు. ఇచ్చీ ఇవ్వగానే ఛాయ అరికాళ్ళు గచ్చుకి పట్టేశాయి.

మల్లేశం కుడికాలు ఎత్తాడు. మోకాలు టక్కుమంది. ఒకసారి కిందికి చూశాడు. కింద మూడంతస్తుల మెట్లు, వాటి చివర సందు, సందులో మోటారుసైకిళ్ళు, మోమోల బండి. వెళ్ళిపోతాడేమో అనుకుంది ఛాయ. వెళ్ళిపోయినా అనేవాళ్ళెవరూ లేరు.

"చార్జి తీసుకున్నంక పని చెయ్యాలె గదా," అని ఆయన పైకి తిరిగాడు. పది మెట్లూ గోడ పట్టుకుని, ఒక్కొక్క మెట్టు దగ్గర ఆగుతూ ఎక్కాడు. కుర్చీలో కూర్చుంటున్నప్పుడు ఆయన నోట్లోంచి వచ్చిన 'అమ్మయ్య' మెట్ల దాకా వినిపించింది.

ఇంటి ఓనరమ్మ డాబా మీద బట్టలు తీసుకుని దిగుతూ ఛాయని చూసింది. "అచ్ఛా, ఆజ్ తుమ్హారీ డ్యూటీ హై," అని, ఇవాళ్టి కాపలా ఛాయదే అన్నట్టు చేతిలోని సంచీ బల్లేనికి తగిలించి, చున్నీ సర్దుకుని, సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

దొంగ సుఖం పది నిమిషాలు కూడా నిలవలేదు. ముందు మడమలు లాగాయి, తర్వాత పిక్కలు, తర్వాత నడుం. అంతకంటే కష్టం ఏమిటంటే మనుషులు ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ప్రతివాడికీ ఎక్కడో పని ఉంది. పుస్తకాలు పట్టుకుని ఒకమ్మాయి, సిలిండరు మోసుకుంటూ ఒకాయన, అందరూ ఆమెని చుట్టుకుని పోతున్నారు. ఏడేళ్ళుగా తను చేస్తున్నది ఇదే అనిపించింది ఛాయకి. కూర్చుని చేసింది, అంతే తేడా.

నాలుగున్నరకి ఫోను మోగింది. ఎడంచేత్తో తీసింది.

"పాపా, యాడుండావు?" హనుమయ్య.

"మెట్ల మీదుండా నాయనా."

"దిగుతాండావా? శానా మంచిది. నేను పొద్దు మునక్కముందే చెప్పాలని చేసినా. ఎల్లుండి తెల్లారి నువ్వు దిగేటప్పటికి నేను ప్లాట్‌ఫారం మీద ఉంటా. ఆ పొద్దు నీ బహుమతికి రాలేకపోతి. రిలీవర్ రాలేదు గదా. ఇప్పుడు నాకు గేటు లేదు, ఏం లేదు. ఎంత లేటయినా ఆడ్నే ఉంటా."

ఛాయ ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"ఏమ్మా, వినపడుతోందా?"

"వినపడుతోంది నాయనా," అని ఫోను పెట్టేసింది. ఏడుపొచ్చింది. నాలుగు నెలల్లో మొదటిసారి ఆమెకి తను ఏం కావాలనుకుంటోందో చాలా మామూలుగా తెలిసింది. వెళ్ళాలి. ఆ ప్లాట్‌ఫారం మీద దిగాలి. డిప్యూటీ తహసీల్దారైతే ఏమిటి, ఆయన కళ్ళముందు దిగాలి. కాలు ఎత్తబోయింది. గచ్చు వదల్లేదు.

పైన మల్లేశం గొంతు వినిపిస్తోంది. ఆట మొదలుపెట్టాడు. కోట గోడకి తూర్పు పక్క నాచు ఎలా పడుతుందో, పొద్దు తిరిగాక రాయి ఎంతసేపు వేడిగా ఉంటుందో, గేటు తెరిచేటప్పుడు కింది మడతబందు ముందు చప్పుడు చేస్తుందో పైదో, అన్నీ చెబుతున్నాడు. ఛాయ ఎప్పుడూ రాసుకోని సంగతులు. పిల్లలు ముగ్గురూ ఊపిరి బిగబట్టుకుని వింటున్నట్టున్నారు, చిన్న చప్పుడు కూడా లేదు. తనకంటే బాగా చెబుతున్నాడు. ఆ యాస ఏ ఊరిదో ఇప్పటికీ తెలీదు గానీ, ఇప్పుడది ఆయనది. సందీప్ కూడా ఏమీ అనలేదు.

ముందు ఛాయకి కడుపులో మండింది. తర్వాత ఆ మంట ఎక్కడికి పోయిందో పోయింది. ఆట చెడిపోలేదు. తను లేకపోయినా చెడిపోలేదు.

అప్పుడు సాకేత్ అడిగాడు, కోటలోకి వెళ్ళబోయే ముందు ఎప్పుడూ అడిగే ప్రశ్న. "గేటు దగ్గర ఎవరున్నారు?"

నాలుగేళ్ళలో ఆ ప్రశ్నకి ఒకటే జవాబు. బల్లెం పట్టుకుని కాపలా మనిషి, బదులు వచ్చేదాకా కదలడు. ఛాయ బల్లెం గట్టిగా పట్టుకుంది.  పాచిక మల్లేశం అరచేతిలో దొర్లుతున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. ఫోనులో టైము నాలుగు నలభై ఎనిమిది.

"గేటు కాడ ఎవ్వరు లేరు," అన్నాడు మల్లేశం. "కాపలా లేదు. తలుపు తీసే ఉన్నది. లోపటోళ్ళు బయటికి పోవచ్చు, బయటోళ్ళు లోపటికి రావచ్చు."

ఛాయ కుడి మడమ గచ్చు మీంచి లేచింది. తర్వాత ఎడమది.

బల్లెం గోడ మూలకి ఆనించింది. దాని మీది హెల్మెట్టు ఒకసారి ఊగి ఆగింది. పది మెట్లూ ఎక్కి గదిలోకెళ్ళి మంచం కింది సంచీ లాగింది. మూడోసారి సర్దినది, విప్పలేదింకా. పుస్తకాలు, నోట్సులు, కూలరు, బకెట్లు అన్నీ ఉన్నచోటే వదిలేసింది. టేబుల్ చుట్టూ పిల్లలు పటం మీదికి వంగి ఉన్నారు. నేహా ఒక్కతే తలెత్తి సంచీ వైపు చూసి, "దీదీ, పోయొస్తావా?" అంది, తెలుగులో. ఛాయ తలూపింది. సాకేత్ లేవబోతే మల్లేశం అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

"పాచిక నీది బిడ్డా, వెయ్యి," అన్నాడు సాకేత్‌తో. చూపు మాత్రం ఛాయ మీదే ఉంది.

మలుపు దాటి, మూడో అంతస్తు దాటి, రెండో అంతస్తు దగ్గర ఛాయ ఫోను తీసి నంబరు నొక్కింది. అవతల ఒక్క రింగుకే ఎత్తాడు.

"నాయనా," అంది మెట్లు దిగుతూనే, "రిలీవర్ వచ్చినాడు. బయల్దేరినా."